ఆ పేజీ తిప్పెయ్యండి

18 నవంబర్ 2024, సోమవారం

డాక్టరు అరవొద్దన్నాడు. నడవొచ్చట, నవ్వొచ్చట, అరవకూడదట. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో ముప్ఫై ఆరేళ్ళు అరిచి బతికిన మనిషితో అనాల్సిన మాటేనా అది? అరవకపోతే లారీవాడు వింటాడా, హమాలీలు వింటారా, ఫోన్లో కర్నూలు రైతు వింటాడా? కానీ నా గుండెలో స్టెంట్ వేసినవాడు, కాదనలేను. కొట్టు మా అబ్బాయి ఫణికిరణ్‌కి అప్పజెప్పాను. అరవాల్సినవన్నీ ఇకనుంచి ఈ డైరీలో అరుస్తాను. ఎవరూ చదవరు, ఎవరికీ నొప్పి లేదు.

మొదటి అరుపు క్లబ్బు మీద.

నడవమన్నాడు కదా అని శ్రావణమాసంలో ఉంగుటూరు దగ్గర కాలవ పక్కన కొత్తగా కట్టిన కంట్రీ క్లబ్బులో చేరాను. ఊళ్ళో రోడ్డు మీద నడిస్తే అడుగడుక్కీ ఒకడు ఆపి "భీమశంకరం గారూ, ఉల్లి ఎంతుందండీ?" అంటాడు. చెప్తాను. అంత లేదంటాడు. అరుస్తాను. అందుకని క్లబ్బు. గేటు మీద కొల్లేటి గూడబాతు బొమ్మ పెట్టారు, ముక్కు కింద ఇంత సంచీతో. చేరినప్పుడు ముచ్చటగా ఉందనుకున్నాను. ఇప్పుడు చూస్తే ఇంత నిజాయితీ గల బోర్డు జిల్లాలో ఇంకోటి లేదు.

ఈ రోజు బిల్లొచ్చింది. నాకు అర్థం కావడానికి రాసుకుంటున్నాను. చేరినప్పుడు ప్రవేశ రుసుమని కట్టిన నాలుగు లక్షలు గోదాట్లో కలిసిపోయాయి, వాటి ఊసు ఎత్తకూడదు. డిపాజిట్టు లక్ష. అది మనదే, కానీ మన దగ్గర ఉండదు. ఏడాదికి మెయింటెనెన్సు ముప్ఫై వేలు, దాని మీద జీఎస్టీ. ఇంతవరకూ తెలిసే కట్టాను. తెలియంది ఏమిటంటే, నెలకి రెండు వేల ఐదొందలకి వాళ్ళ క్యాంటీన్లో తిని తీరాలిట. తినకపోయినా బిల్లు పడుతుందిట! నేనూ మా ఆవిడ కుసుమా పొద్దున్నే వెళ్ళి, నడిచి, మంచినీళ్ళు తాగి, ఇంటికొచ్చి ఇడ్లీ తింటున్నాం. అక్కడ మాత్రం మూడు నెలలుగా తింటున్నట్టు కడుతున్నాం.

కుసుమకి చెప్పాను. "తినని తిండికి డబ్బు తీసుకోవడం పాపం కదండీ" అంది. తినకపోవడం కూడా పాపమే అన్నట్టు చూసింది.

19 నవంబర్

అరవలేదు.

24 నవంబర్, ఆదివారం

మా ఆవిడ తెలివికి తిరుగులేదు. "ఎలాగూ కట్టే డబ్బే కదండీ. కార్తీక వనభోజనాలు క్లబ్బులో పెట్టేద్దాం. అక్కడ ఉసిరి చెట్టు కూడా ఉంది" అంది. భేష్ అన్నాను. మా వీధి వీధంతా పిలిచాం. పిలిస్తే రానివాళ్ళు మా వైపు ఉండరు. రెండు వ్యాన్లలో ఇరవై రెండుమంది దిగారు.

ఒక్క చిక్కు. మా ఇంట్లో కార్తీకమాసం అంతా ఉల్లి తినం. ఉల్లి అమ్ముకు బతికే కొంపలో ఇదేం విడ్డూరమని నా పేకాట స్నేహితుడు జోగారావు వేళాకోళం చేస్తుంటాడు, కానీ మా అమ్మ పెట్టిన నియమం. క్యాంటీన్లో చూస్తే నీళ్ళల్లో తప్ప అన్నిట్లోనూ ఉల్లే. అదీ నా కొట్లోంచి వెళ్ళిన ఉల్లే. ఈ సంగతి ముందే ఊహించి కుసుమ పులిహోర, చక్కెర పొంగలి, కందా బచ్చలి, గుమ్మడికాయ పులుసు ఇంట్లోనే వండించి క్యారేజీల్లో సర్దించింది. ఉసిరి చెట్టు కింద విస్తళ్ళు వేసి అందరం కడుపారా తిన్నాం. క్యాంటీన్లో కాఫీలు మాత్రం తాగాం.

చాలా బాగా జరిగింది. క్యాంటీన్ డబ్బు వసూలు చేశామని కుసుమ తెగ సంబరపడింది. నేనూ పడ్డాను. క్యాంటీన్ బిల్లు తీర్చడానికి క్యాంటీన్లో తినాలన్న సంగతి మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

25 నవంబర్

గెస్టులకి తలకి మూడొందలు. ఇరవై రెండు తలలు. బయటి తిండి తెచ్చినందుకు రెండు వేలు. కాఫీలకి ఎనిమిదొందలు. ఈ ఎనిమిదొందలే క్యాంటీన్ లెక్కలోకి వస్తాయిట, మిగతా పదిహేడొందలు ఇంకా తినాల్సి ఉందిట! మేనేజరు శ్యామ్ సుందర్ ఎంతో మర్యాదగా చెప్పాడు. "గెస్టు ఛార్జీ గెస్టు ఛార్జీయేనండీ, తిండి తిండేనండీ" అన్నాడు. అంత మర్యాదస్తుడి మీద అరవడానికి నోరు రాదు. అందుకే పెట్టినట్టున్నారు అతన్ని.

కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఇంటికొచ్చి కుసుమకి చెబితే నోట్లో కొంగు కుక్కుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "మిగతా పదిహేడొందలకీ ఇంకోసారి అందర్నీ పిలుద్దామాండీ?" అంది.

నవ్వొచ్చన్నాడు డాక్టరు. నవ్వాను.

9 డిసెంబర్, సోమవారం

కుసుమ తేలింది.

ఇది రాయాలి. ఆవిడది కైకలూరు దగ్గర కొల్లేటి ఒడ్డు ఊరు. వానాకాలం వస్తే వీధి చివరిదాకా నీళ్ళే. అన్నదమ్ములంతా ఈదేవారట, ఆడపిల్లల్ని గట్టు మీద కూర్చోబెట్టేవారట. యాభై నాలుగేళ్ళు గట్టు మీదే కూర్చుంది. జోగారావు భార్య జ్ఞానప్రసూనాంబ గారిదీ ఆ పక్కే, ఆవిడా అంతే. క్లబ్బు స్విమ్మింగ్ పూల్‌లో పొద్దున ఆరింటికి ఆడవాళ్ళ వేళ పెట్టారు కదా, ఇద్దరూ వేలూ వేలూ పట్టుకుని చేరారు. నల్ల ఈత డ్రస్సులో కుసుమని మొదటిసారి చూసి అలాగే చూస్తూ ఉండిపోయాను. "అలా చూడకండి, సిగ్గేస్తోంది" అని తువ్వాలు చుట్టుకుంది.

ఈ రోజు నేనూ జోగారావూ నడక ముగించి కాఫీ తాగుతుంటే తడి జుట్టుతో పరిగెత్తుకొచ్చింది. నేర్పే అమ్మాయి అలేఖ్య చెయ్యి తీసేసిందట, ఈవిడ మునగలేదట.

"ఏవండీ, వెల్లకిలా పడుకున్నానండీ. చెవుల్లోకి నీళ్ళెళ్ళాయి. లోకంలో ఒక్క గోలా వినపడలేదండీ. ఆకాశం మాత్రం ఉంది. ఎంత హాయిగా ఉందో!"

"మా వాడి అరుపు కూడా వినపడలేదా చెల్లెమ్మా?" అన్నాడు జోగారావు.

"అందుకే హాయి అన్నయ్య గారూ" అంది.

పెళ్ళైన కొత్తలో కూడా ఆ మొహం మీద అంత వెలుగు చూడలేదు. చూసి ఉంటాను. మార్కెట్ హడావిడిలో గమనించి ఉండను.

15 డిసెంబర్

మార్చి 31 లోగా సభ్యత్వం వదిలేస్తే వచ్చే ఏడాది ముప్ఫై వేలు మిగులుతాయి. వదిలేస్తాను, ఇందులో మార్పు లేదు. కుసుమకి బోర్లా ఈదడం ఇంకా రాలేదట. అది వచ్చాక వదిలేస్తాను.

19 డిసెంబర్

జోగారావు పోయాడు.

నిన్న పేకాటలో నాకు ఫుల్ కౌంటు పడి ఓడానని పగలబడి నవ్వాడు. కైకలూరులో ఐసు ఫ్యాక్టరీ కొడుకులకిచ్చేసి, గూడెంలో ఇల్లు కట్టుకుని, హాయిగా ఉన్నాడు. ఏ స్టెంటూ లేదు. ఏ డాక్టరూ అరవొద్దనలేదు. పొద్దున లేవలేదంతే.

20 డిసెంబర్

క్లబ్బుకి వెళ్ళలేదు.

10 ఫిబ్రవరి 2025, సోమవారం

గట్టిగా అరవాల్సిన రోజు. అరవలేదు. ఇక్కడైనా అరవనీ.

జోగారావు పోయాక జ్ఞానప్రసూనాంబ గారు గుమ్మం దాటలేదు. కుసుమ రోజూ వెళ్ళి కూర్చుని, "నీళ్ళల్లోకి దిగకపోయినా ఫర్లేదు వదినా, ఒడ్డున కూర్చుందురు గాని, కాస్త గాలి తగులుతుంది" అని బతిమాలి, ఎట్టకేలకి ఈ రోజు బయల్దేరదీసింది. ముగ్గురం నా కార్లోనే వెళ్ళాం.

గేటు దగ్గర కార్డు మిషన్ మీద పెట్టాలి కదా. మా కార్డులకి పచ్చ లైటు వెలిగింది. ఆవిడ కార్డుకి ఎర్ర లైటు. వాచ్‌మన్ సత్తిరాజు ఆ కార్డుని చొక్కాకి తుడిచి మళ్ళీ పెట్టాడు. ఎర్రదే.

"మిషన్ ఒప్పుకోవట్లేదమ్మగారూ" అన్నాడు నేల చూస్తూ.

"నా కార్డేనయ్యా. ఫోటో చూడు" అందావిడ.

"తమరిదేనండీ. మిషనండీ..." అని నసిగాడు. "గెస్టుగా రాయమంటారాండీ? మూడొందలండీ."

"నేను గెస్టునా?" అంది జ్ఞానప్రసూనాంబ గారు. గొంతు పెంచలేదు. వెనక్కి తిరిగి గూడబాతు బొమ్మ కింద సిమెంటు బల్ల మీద కూర్చుంది. మా కోసం గేటు తెరిచే ఉంది. కుసుమ లోపలికి రాలేదు. వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

నేను తిన్నగా శ్యామ్ సుందర్ గదిలోకి వెళ్ళాను.

"సార్ పోయారు కదండీ" అన్నాడు. "మెంబరు సారేనండీ. మేడమ్ గారు డిపెండెంటండీ. మెంబరు లేకపోతే డిపెండెంటు ఉండరండీ."

"ఉన్నారు కదయ్యా! బయట బల్ల మీద కూర్చున్నారు!"

పాపం తల దించుకున్నాడు. సభ్యత్వం ఆవిడ పేరుకి మార్చాలంటే ప్రవేశ రుసుములో పావు వంతు, అంటే లక్ష, మళ్ళీ కట్టాలిట. దాని మీద జీఎస్టీ పద్దెనిమిది వేలు. రెండు నెలల్లోగా కట్టకపోతే సభ్యత్వం రద్దు. అంటే ఇంక తొమ్మిది రోజులే గడువు. మరి ఆయన డిపాజిట్టు లక్ష? అది వారసులకి ఇస్తారట, మూడు నెలల తర్వాత. కట్టాల్సింది రెండు నెలలకి, రావాల్సింది మూడు నెలలకి!

"ఇదంతా ముందు చెప్పక్కర్లేదుటయ్యా?"

"చెప్పబోయానండీ" అన్నాడు. "మీ ఇంట్లో కూడానండీ. ఆ పేజీ ఇంతవరకూ ఎవరింట్లోనూ చదవనివ్వలేదండీ."

నాకు గుర్తొచ్చింది. వరలక్ష్మీ వ్రతం నాడు మంచిరోజని సంతకాలకి పిలిచాం. స్టెంట్ వేసి నెలన్నా కాలేదు. కుసుమ పూర్ణాలు పెట్టింది. అతను ఒక్కో పేజీ చదువుతూ "సభ్యుడు మరణించిన యెడల" అన్నాడు, అంతే. కుసుమ చేతిలో పళ్ళెం కింద పెట్టేసింది. "శుభమా అని పండగ పూట ఏం మాటలు బాబూ అవి! తథాస్తు దేవతలుంటారు. ఆ పేజీ తిప్పెయ్యండి" అంది. అతను తిప్పేశాడు. నేను సంతకం పెట్టేశాను. జోగారావు ఇంట్లోనూ ఇదే తంతు. క్లబ్బులో రెండొందల మంది మెంబర్లున్నాం, అందరి ఇళ్ళల్లోనూ ఇదే తంతుట.

బయటికొచ్చాను. ఆ బల్ల మీద ఇద్దరూ కూర్చుని ఉన్నారు. ఎవరు జ్ఞానప్రసూనాంబ గారో ఎవరు కుసుమో ఒక్క క్షణం నాకు తెలియలేదు.

11 ఫిబ్రవరి

కుసుమతో మాట్లాడాను. మాట్లాడకుండా ఉండాల్సింది.

విషయం చిన్నది. మెంబరుగా ఆవిడ పేరు, డిపెండెంటుగా నా పేరు పెట్టుకుంటే గొడవే ఉండదు. ఇద్దరం బతికుండగా మార్చుకుంటే అయిదు వేలతో పోతుంది. వ్యాపారంలో ఇలాంటివి ఎన్ని చూడలేదు! అదే చెప్పాను. రేపు నాకేదైనా అయితే నువ్వు ఆ గేటు దగ్గర...

అక్కడిదాకా రానివ్వలేదు.

"ఆపండి" అంది. "నేనే ముందు పోతాను. పసుపు కుంకుమలతో పోతాను. రోజూ తులసమ్మని అడుగుతున్నాను. మధ్యలో మీరు కాగితాలు పట్టుకుని అడ్డం రాకండి."

"అది కాదే..."

"ఏది కాదు? మీరు పోతారని సంతకం పెట్టమంటున్నారు నన్ను! అంత అక్కర్లేదు నాకు ఆ నీళ్ళు. రేపటినుంచి రాను."

అన్నం పెట్టింది. పెరుగు కూడా వేసింది. మాట్లాడలేదు.

12 ఫిబ్రవరి

రాలేదు. ఒక్కణ్ణే నడిచాను.

14 ఫిబ్రవరి

ఈ రోజు శ్యామ్ సుందర్ గదిలో పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. అరవకుండా! అరిస్తే పది నిమిషాల్లో తేలేది.

"మా కమీషన్ కొట్లో రైతుకి మేం ఇవ్వాల్సింది, రైతు మాకు ఇవ్వాల్సింది ఒకే కాగితం మీద కొట్టేస్తామయ్యా. మీరు ఆవిడకివ్వాల్సింది లక్ష, ఆవిడ మీకివ్వాల్సింది లక్ష. కొట్టెయ్యి" అన్నాను. రెండూ వేరే వేరే ఖాతాలన్నాడు. ఖాతాలు వేరేనయ్యా, ఆవిడ ఒక్కతే కదా అన్నాను. డిపాజిట్టు లేకుండా సభ్యత్వం ఎలాగన్నాడు. ఏడాది గడువిచ్చి తర్వాత కట్టించుకో అన్నాను. కమిటీని అడగాలన్నాడు. అడుగు, ఇక్కడే కూర్చుంటానన్నాను. భోజనం వేళైంది. వాళ్ళ క్యాంటీన్లోనే తిన్నాను, నెలవారీ లెక్కలో కలుస్తుంది కదా. కమిటీ ఒప్పుకుంది.

జ్ఞానప్రసూనాంబ గారికి ఫోన్ చేసి చెప్పాను. జీఎస్టీ నేను సర్దుతానన్నాను.

"వద్దన్నయ్య గారూ. నేనే కడతాను. ఐసు ఫ్యాక్టరీలో నాకూ వాటా ఉంది. నీకెందుకమ్మా ఈత అంటున్నారు పిల్లలు. మీ నాన్న నాకు ఈ ఒక్కటే అడక్కుండా ఇచ్చారు అన్నాను" అంది. మళ్ళీ తనే, "కుసుమ ఎందుకు రావట్లేదండీ?" అంది.

జలుబని చెప్పాను.

23 ఫిబ్రవరి, ఆదివారం

క్లబ్బు సర్వసభ్య సమావేశం. అసలు ఆ రూలే తీసేయిస్తే గొడవ వదిలిపోతుంది కదా అని లేచి నిలబడ్డాను.

"రేపు నేను పోతే..." అన్నాను.

"శివ శివా!" అన్నారు ముందు వరసలో. "అవేం మాటలండీ శంకరం గారూ, నిండు నూరేళ్ళూ ఉండక!" అన్నాడు ఒకాయన. "మీరు పోయినా ఇంతేనండీ" అన్నాను ఆయనతో. ఆయన చెవులు మూసుకున్నాడు. ఇంకొకాయన 'టచ్ వుడ్' అంటూ కుర్చీ చెక్కని తడిమాడు. అందరూ మొగవాళ్ళే, అందరి భార్యలూ డిపెండెంట్లే, ఒక్కడికీ ఆ మాట వినే ధైర్యం లేదు. అధ్యక్షుడు గబగబా టీ విరామం ప్రకటించాడు. విరామం తర్వాత స్విమ్మింగ్ పూల్‌కి కొత్త టైల్స్ గురించి గంటసేపు మాట్లాడుకున్నారు.

అరిచాను. అవును, అరిచాను. టీ దగ్గర. గుండె దడదడలాడింది. ఇంటికొచ్చాక కుసుమ మొహం చూసి పసిగట్టేసింది. మాత్ర ఇచ్చి, పక్కన కూర్చుని, అరచెయ్యి నా గుండె మీద పెట్టి ఉంచింది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

పన్నెండు రోజులుగా... లెక్కెందుకు, చాలా రోజులుగా నీళ్ళల్లోకి దిగలేదు. ఈతతో తగ్గిన మోకాళ్ళ నొప్పి మళ్ళీ మొదలైంది. మెట్లు ఎక్కుతూ "అబ్బా" అంటోంది. నేను విననట్టు ఉంటున్నాను. ఆవిడ అననట్టు ఉంటోంది.

1 మార్చి

క్లబ్బు నోటీసు బోర్డు మీద కాగితం. మహిళా దినోత్సవం సందర్భంగా మార్చి 8న ఆడవారి పేరు మీదికి సభ్యత్వం మార్చుకుంటే పేరు మార్పిడి రుసుము లేదు, పైగా ఏడాది మెయింటెనెన్సులో పది శాతం తగ్గింపు.

మూడు వేలు తగ్గుతాయి. వదిలేద్దామనుకుంటున్న సభ్యత్వమే అనుకో. కానీ మూడు వేలు ఊరికే వస్తాయా? వ్యాపారస్తుణ్ణి. ఇది కేవలం తగ్గింపు సంగతి.

కుసుమకి చెప్పాను. "పది శాతమట" అన్నాను, అంతే. ఇంకేం అనలేదు. బీరకాయ తరుగుతోంది. చెయ్యి ఆగింది.

"పది శాతమా?" అంది.

"పేరు మార్చినందుకు డబ్బు కూడా తీసుకోరట."

మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. మా ఇంట్లో చీర కొన్నా చేట కొన్నా బేరమాడకుండా ఇంతవరకూ లోపలికి రాలేదు. తగ్గింపు అన్న మాట ఆవిడ చెవిలో పడితే ఊరికే పోదు. నాకు తెలుసు.

4 మార్చి

"జ్ఞానప్రసూన వదిన వచ్చింది" అంది పొద్దున. "నీళ్ళల్లో వెల్లకిలా పడుకుంటే ఆయన గొంతు వినపడినట్టుంటుందిట."

నేను పేపరు తిప్పుతూ ఉన్నాను.

"నాకైతే ఏ గొంతూ వినపడలేదు మరి" అంది. "బయట మీరు కాఫీ తాగుతూ ఉన్నారు కదా, అందుకని కాబోలు."

6 మార్చి

"పది శాతం అంటే ఎంతండీ?" అంది.

"మూడు వేలు."

"ఊరికే పోగొట్టుకోవడం ఎందుకులెండి" అంది.

నేను గెలిచాను. మా ఆవిడని తగ్గింపు పేరు చెప్పి బుట్టలో వేశాను.

8 మార్చి, శనివారం

గెలిచానని రాసుకున్నాను కదూ మొన్న.

పొద్దున పట్టుచీర కట్టుకుంది. మూడు వేల తగ్గింపుకి పట్టుచీర ఎందుకే అంటే, "సంతకమంటే శుభకార్యం కాదూ" అంది. శ్యామ్ సుందర్ గదిలో ఎదురుగా కూర్చున్నాం. అతను పేజీలు తిప్పుతూ చదువుతున్నాడు. రుసుములు, క్యాంటీన్, గెస్టులు. గెస్టుల దగ్గరికి రాగానే కుసుమకి వనభోజనాలు గుర్తొచ్చి నవ్వాపుకుంది. తర్వాత ఆ పేజీ వచ్చింది. అతను చదవలేదు. ఎన్ని ఇళ్ళల్లో తిట్లు తిని ఉన్నాడో, వేలు తడి చేసుకుని తనే తిప్పెయ్యబోయాడు.

కుసుమ ఆ పేజీ మీద అరచెయ్యి పెట్టింది.

"ఆగండి బాబూ. అది కూడా చదవండి."

అతను నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను.

"సభ్యురాలు మరణించిన యెడల..." అని గొంతు సవరించుకున్నాడు. "ఆమె మీద ఆధారపడిన వారి కార్డు ఆ రోజు నుంచి చెల్లదండీ."

"అంటే నేను పోతే ఈయన్ని గేటు దగ్గర ఆపేస్తారా?"

"రూలండీ మేడమ్."

కుసుమ కూడా కిటికీ వైపు తిరిగింది. కిటికీలోంచి నీళ్ళు కనిపిస్తున్నాయి. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆవిడ తులసికోట చుట్టూ తిరిగి అడిగేది ఒక్కటే. అదేమిటో నాకు తెలుసు. మా వీధిలో ఆడవాళ్ళందరూ అడిగేదీ అదే. ఈ కాగితం పెట్టేటప్పుడు ఆ సంగతి నేను ఆలోచించలేదు. నా చావు గురించే ఆలోచించాను, పెద్ద తెలివైనవాణ్ణి.

"అయితే నేను ముందు పోవడానికి వీల్లేదన్నమాట" అంది.

ఆ మాట శ్యామ్ సుందర్‌తో అంది. నా వైపు చూడలేదు.

"ఈయన ఆ గేటు దగ్గర నిలబడి అరుస్తారు బాబూ. అరవకూడదన్నాడు డాక్టరు. గుండెకి మంచిది కాదు" అంది. "సరే, ఉంటాను లెండి."

కలం తీసుకుని సంతకం పెట్టింది. నిదానంగా, పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా.

నాకు కళ్ళు మసకబారాయి. చెమట పట్టిందని చెప్పి మొహం తుడుచుకున్నాను. ఏసీ గదిలో చెమటేమిటని అతను అడగలేదు. చెప్పానుగా, మర్యాదస్తుడు.

బయటికొచ్చాక, "తెలుసా నీకు?" అన్నాను.

"ఏమిటండీ?"

"తగ్గింపు సంగతి కాదని."

"మూడు వేల కోసం మీరు ఇన్ని రోజులు మెత్తగా మాట్లాడతారాండీ?" అంది. "ముప్ఫై మూడేళ్ళ కాపురంలో నేను చూళ్ళేదూ?" అని నా చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. మోకాలు నొప్పి కదా, అందుకు పట్టుకుంది.

10 మార్చి, సోమవారం

కొత్త కార్డులొచ్చాయి. ఆవిడ దాని మీద 'మెంబర్' అని బంగారు అక్షరాలు. నా దాని మీద నా ఫోటో, కింద 'డిపెండెంట్'. ఫణికిరణ్ చూసి పడీ పడీ నవ్వాడు. నవ్వనీ.

జ్ఞానప్రసూనాంబ గారు ముందే వచ్చి నీళ్ళల్లో ఉంది. కుసుమ కార్డుకి పచ్చ లైటు వెలగగానే నా కోసం ఆగకుండా లోపలికి పరుగు తీసింది. నా కార్డు కొత్తది, మిషన్ రెండుసార్లు మొరాయించింది. ఎర్ర లైటు.

సత్తిరాజు కంగారుపడ్డాడు. "తమరెవరి తాలూకని రాయమంటారండీ?"

"కుసుమకుమారి గారి తాలూకు" అన్నాను.

"ఏవండీ?"

"కుసుమకుమారి గారి తాలూకయ్యా!"

అరిచాను. అంత గట్టిగా అరిచి చాలా కాలమైంది. అప్పటికే నీళ్ళల్లోకి దిగిపోయిన కుసుమ చెవిన పడలేదు. ఏమాత్రం దడ రాలేదు గుండెకి. డాక్టరుకి చెప్పను.